గోవిందమ్మకి మాట వచ్చింది

నిన్న దీపాలు పెట్టిన వేళ నుంచి పుష్పవతి అత్తగారి గదిలో అడుగు పెట్టలేదు.

ఆ సంగతి ప్రసూనాంబకి వీధి గుమ్మంలోనే తెలిసింది. ఆమె గొడుగు మడిచి, చెప్పులు విడిచి, ఇంకా అరుగు ఎక్కకముందే పుష్పవతి భర్త తిరుపతిరావు మేనత్త బుల్లెమ్మ ఎదురొచ్చింది.

"వచ్చారా తల్లీ. మీ కోసమే గుమ్మంలో నిలబడ్డాను. రెండేళ్ళు చేసిన చాకిరీ అంతా ఒక్క పూటలో మట్టిలో కలిపేసింది మా కోడలు. రాత్రి నుంచీ మా గోవిందమ్మ వదినకి పచ్చి గంగ ముట్టించలేదు."

"మీరేమైనా పట్టారా?"

"రెండు చెంచాలు పాలు పోశాను. పొలమారి కళ్ళు తేలేసింది. నాకు చెయ్యాడక మానేశాను."

"పుష్పవతి ఎక్కడ?"

"దొడ్లో, బట్టలుతికే బండ మీద కూచుంది. పలకదు. తిరుపతి అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. గోడకి చెప్పుకున్నట్టే ఉంది."

"అసలేం జరిగింది పిన్నిగారూ?"

బుల్లెమ్మ వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గించింది.

"వదినకి మాట వచ్చింది."

ఒక్క క్షణం ప్రసూనాంబ గుండె పొంగింది. ఆర్నెల్లుగా వారం వారం నూజివీడు నుంచి బస్సులో ఈ ఊరు వస్తోంది ఆమె. సేవాసంఘం ఆరోగ్య కేంద్రం తరఫున మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళకీ వాళ్ళని చూసుకునేవాళ్ళకీ చేతనైన సాయం చెయ్యడం ఆమె ఉద్యోగం. పక్షవాతంతో కుడి వైపూ మాటా పోయిన గోవిందమ్మ ముందు అద్దం పట్టుకుని కూర్చుని, "పా అనండి, బా అనండి, మా అనండి" అని ఎన్నిసార్లు పెదాలు కదిలించి చూపిందో లెక్కలేదు. కిందటి వారం దాకా ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

"ఏమన్నారు ఆవిడ?"

బుల్లెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ పేరు ఈ ఇంట్లో ఎవరం అనం తల్లీ. మీకు తెలుసుగా," అంది చివరికి.

ప్రసూనాంబకి తెలుసు. ఆ పొంగు అలాగే చల్లారిపోయింది.

భాను. పుష్పవతికి ఒక్కడే కొడుకు. ఐదో ఏడు నిండకుండా, రెండేళ్ళ కిందట ఇదే మామిడికాయల కాలంలో, తోటలో మోటారు బావిలో పడి పోయాడు. ఆ పూట వాణ్ణి కనిపెట్టుకుని ఉన్నది నాయనమ్మ గోవిందమ్మ. తోటలో పాక దగ్గర చాప మీద ఆవిడ కునుకు తీసిందనీ, లేచేసరికి పిల్లాడు లేడనీ ఊరంతా చెప్పుకుంది. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు కూడా నోరు విప్పలేదు. పట్టుమని పది రోజులు తిరక్కుండానే పక్షవాతం వచ్చి, ఆ నోరు నిజంగానే పడిపోయింది.

అప్పట్నుంచీ ఆవిడకి అన్నీ పుష్పవతే.

గదిలోంచి తిరుపతిరావు బయటికి వచ్చాడు. లుంగీ పైకి కట్టుకుని, మాసిన బనీనుతో, నిద్ర లేని కళ్ళతో ఉన్నాడు. ప్రసూనాంబని చూసి ఆగిపోయాడు.

"రండి. మీరు చేసిన పని చూద్దురుగాని," అన్నాడు.

"తిరుపతిరావుగారూ—"

"మా అమ్మ మాట్లాడాలని మిమ్మల్ని ఎవరన్నా అడిగారా? పుండ్లు పడకుండా ఎలా తిప్పాలో చెప్పండి, కాలూ చెయ్యీ ఎలా పట్టాలో చెప్పండి, కాదనలేదు. మాట ఎందుకండీ ఆవిడకి? మాట లేకుండా ఈ ఇల్లు ఏదో ఒక రకంగా నడుస్తోంది."

"ఆకలేస్తే అన్నం అడగడానికి, నొప్పి ఉంటే ఎక్కడో చెప్పడానికి మాట కావాలి కదండీ."

"అడిగింది. చూశారుగా ఏం అడిగిందో."

బుల్లెమ్మ మధ్యలో, "ఊరుకోరా తిరుపతీ, ఆవిడేం చేస్తుంది," అంది.

"నువ్వుండత్తా. రాత్రి గాలికి సగం కాయ రాలిపోయింది. మళ్ళీ మబ్బు పట్టింది. చెట్ల కింద ఏరాలి, ఉన్న కాయ కోయించాలి. జంక్షన్లో లారీవాడు ఉంటాడో పోతాడో తెలీదు. నేనిక్కడ మా అమ్మకి గుడ్డలు మారుస్తూ కూచున్నాను."

మార్చలేదని వాసన చెబుతూనే ఉంది. ప్రసూనాంబ ఆ మాట అనలేదు. అతని కోపం చల్లారితే చాలనుకుంది. అందుకని, నిజమే అయినా అప్పుడు అనాల్సిన అవసరం లేని మాట ఒకటి అంది.

"ఇప్పుడిప్పుడే వస్తున్న మాట అది. ఈ జబ్బులో ఒకటి అనబోయి ఒకటి అంటారు. మంచినీళ్ళు అనబోయి మంచం అంటారు. బాబు పేరే అన్నారని గట్టిగా చెప్పలేం."

తిరుపతిరావు ఆమె వైపు కాస్త తేరిపార చూశాడు.

"అంతేనంటారా?"

"అలా కూడా జరుగుతుందంటున్నాను."

"అదే చెప్పండి దానికి. చెప్పి, మా అమ్మకి ఇంత జావ తాగించేట్టు చూసి వెళ్ళండి. వచ్చే వారం నుంచీ మీరు రానక్కర్లేదు." చొక్కా భుజాన వేసుకున్నాడు గాని గుమ్మం దాటలేదు. అరుగు మీద కూలబడి, మబ్బు వైపు చూస్తూ ఉండిపోయాడు.

ప్రసూనాంబ ముందు గోవిందమ్మ గదిలోకే వెళ్ళింది. పక్క గదిలో వరిగడ్డి కింద మగ్గేసిన రసాల వాసన, ఈ గదిలో తడి గుడ్డల వాసన కలిసిపోయి ఉన్నాయి. బుల్లెమ్మని సాయం పిలిచి, ఆవిణ్ణి పక్కకి తిప్పి, కింది రబ్బరు గుడ్డ తీసి, ఒళ్ళు తుడిచి, పొడి చీర చుట్టింది. వీపు మీద ఎక్కడా చిన్న కమిలిన మచ్చ కూడా లేదు. రెండేళ్ళు మంచం మీదున్న మనిషి వీపు అది. ఇన్నాళ్ళు పుష్పవతి ఎంత కనిపెట్టుకుని చేసిందో ఆ వీపు చూస్తే చాలు.

గోవిందమ్మ ఎడం చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. వంకర పోయిన మూతి కష్టపడి కదిలింది.

"బా... ను."

వాడి పేరే. అందులో అనుమానం లేదు. బయట తాను అన్న మాట గుర్తొచ్చి ప్రసూనాంబకి తల వంగిపోయింది.

"విన్నాను పెద్దమ్మగారూ," అంది నెమ్మదిగా.

వీపు కింద దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, చెంచాతో జావ నోటి దగ్గర పెట్టింది. గోవిందమ్మ పళ్ళు బిగించింది. ఆవిడ చూపు గుమ్మం మీదే ఉంది.

దొడ్డివైపు తలుపు తీసేసరికి దుమ్ముగాలి మొహాన కొట్టింది. పుష్పవతి బండ మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. దూరం నుంచి చూస్తే నలభై అనిపిస్తుంది. ప్రసూనాంబ వెళ్ళి పక్కన కింద కూర్చుంది. 

"చెప్పి పంపించారా, నాకు బుద్ధి చెప్పమని?" పుష్పవతే అంది.

"చెప్పారు."

"చెప్పండి మరి."

"పుష్పా, ఆవిడ నిన్ను బాధపెట్టాలని అనలేదు. పెదాలతో పలికే అక్షరాలు ముందు వస్తాయి. బా అనేది తేలికైన అక్షరం. నేనే నేర్పాను దాన్ని."

పుష్పవతి తల తిప్పి చూసింది.

"అక్షరమా? మా వాడి పేరు మీకు అక్షరమా అక్కా?"

ప్రసూనాంబ చూపు దించుకుంది.

"మీకు పిల్లలున్నారా?"

"లేరు."

"అయితే ఊరుకోండి."

ఊరుకుంది. వాల్తేరులో చదువుకున్న చదువులో, ఇలాంటప్పుడు ఏం అనాలో చెప్పిన పాఠాలు ఉన్నాయి. అవేవీ ఆ బండ దగ్గర పనికొచ్చేవి కావు. తప్పు మాట అన్నందుకు క్షమించమని అడగాలనుకుంది. అడిగితే, దాన్ని కూడా పుష్పవతే సర్దుకుపోవాలి. అందుకని లేచి వెళ్ళకుండా కూర్చుంది, అంతే.

పిట్టగోడ అవతల కలెక్టరు మామిడి చెట్టు నుంచి కాయలు ఒక్కొక్కటే రాలుతున్నాయి.

"రెండేళ్ళు," అంది పుష్పవతి. "రెండేళ్ళు ఈ ఇంట్లో వాడి పేరు ఎవరూ అనలేదు. ఆయన వద్దన్నారు. ఫొటో బీరువాలో పడేశారు. వాడి చొక్కాలు ఎవరికిచ్చేశారో కూడా నాకు చెప్పలేదు. మరిచిపోతే మంచిదన్నారు. నేను గట్టిగా ఏడిస్తే అత్తయ్యకి మళ్ళీ వస్తుంది పక్షవాతం అన్నారు బుల్లెమ్మత్త. అందుకని ఏడవలేదు. గుడ్డలు ఉతికాను. జావ కాచాను. వాడి పేరు ఎవరన్నా అంటే వినాలని ఎంత ఉండేదో. బస్సులో ఎవరో తల్లి భానూ అని పిల్లాణ్ణి పిలిస్తే దిగాల్సిన చోట దిగలేదు నేను. ఆగిరిపల్లి దాకా వెళ్ళిపోయాను."

ఆగింది. పిట్టగోడ వైపు చూసింది.

"చివరికి ఎవరి నోట విన్నానండీ? ఆవిడ నోట. ఆవిడకా ఆ హక్కు?"

"నిన్న ఏం చేశావు, విన్నాక?"

"చెంచా కింద పెట్టి బయటికొచ్చేశాను. ఇంకో నిమిషం ఉంటే ఏం చేద్దునో." తన చేతులు చూసుకుంది. "మీతో ఒకటి చెబుతాను. ఎవరితోనూ అనకండి. ముద్ద పెట్టినప్పుడల్లా అనుకునేదాన్ని, ఇది గొంతుకి అడ్డం పడితే బాగుండునని. పడకుండా మెత్తగా మెదిపి పెట్టేదాన్నీ నేనే. రెండూ నేనే. ఇదేం పాపమో నాకు తెలీదు."

ప్రసూనాంబ ఆ మాటకి కంగారు పడలేదు. పాపం కాదనీ అనలేదు. పుష్పవతి చెయ్యి పట్టుకుంది. అది చల్లగా, ఎండిన మట్టిలా గరుగ్గా ఉంది.

"వాడు ఎలా ఉండేవాడు?" అని అడిగింది.

పుష్పవతి ఆమె వైపు వింతగా చూసింది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాసేపటికి, చిన్నగా మొదలుపెట్టింది. వాడికి తల దువ్వించుకోవడం గిట్టదట. పుల్ల కాయ ఉప్పు నంచుకుని తిని, పళ్ళు పులిసిపోయి, అన్నం తినలేక ఏడ్చేవాడట. చెప్పులు వేసుకుంటే నేల కోప్పడుతుందనేవాడట. చెబుతుండగా ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. మొహం మాత్రం నవ్వుతున్నట్టు ఉంది. ప్రసూనాంబ ఇన్ని నెలల్లో ఆ మొహాన్ని అలా చూడలేదు.

"ఆవిణ్ణి ఒక మాట అడగాలి," అంది పుష్పవతి ఉన్నట్టుండి. "ఆ రోజు ఏమైందో. అప్పుడు అడుగుదామంటే నాకు ఒళ్ళు తెలీదు. తెలిసేసరికి ఆవిడకి నోరు లేదు. ఇప్పుడుందిగా."

"అన్నీ చెప్పలేరు పుష్పా. ఒకటో రెండో మాటలు. అవి కూడా తప్పు రావచ్చు. అడిగి, నువ్వు ఇంకా బాధపడితే?"

"ఇంకానా?" అని లేచి నిలబడింది.

గదిలోకి వెళ్ళగానే పుష్పవతి కాళ్ళు ఆగిపోయాయి. గోవిందమ్మ ఆమెను చూసి ఎడం చెయ్యి ఎత్తింది. నోటి పక్కన జావ చార ఎండిపోయి ఉంది. పుష్పవతి నిలబడి ఆ చార చూస్తూ ఉంది. తర్వాత అలవాటైన చెయ్యి తనంతట తానే వెళ్ళి, తడి గుడ్డ తీసుకుని, దాన్ని తుడిచింది. మంచం పట్టె మీద కూర్చుంది.

"అత్తయ్యా. ఆ రోజు వాడు మీ దగ్గరే ఉన్నాడు కదా."

"బాను." గోవిందమ్మ తల కిందికి ఆడింది. అవును.

"మీరు నిద్రపోయారు."

ముసలావిడ తల పక్కకి కదిలింది. సరిగ్గా కదలక దిండు మీద ఒరిగింది. మళ్ళీ కష్టపడి ఇటు తిప్పింది. కాదు.

పుష్పవతి ప్రసూనాంబ వైపు చూసింది. ప్రసూనాంబ మంచం అవతలి వైపుకి వచ్చి, గోవిందమ్మ మొహం బాగా కనబడేట్టు నిలబడింది.

"తొందరపడొద్దు పెద్దమ్మగారూ. మెల్లగా," అంది.

"నిద్రపోకపోతే వాడు ఎక్కడికి వెళ్ళాడు?" పుష్పవతి గొంతు సన్నగా అయిపోయింది. "మీ దగ్గర్నుంచి ఎందుకు వెళ్ళాడు అత్తయ్యా?"

గోవిందమ్మ పెదాలు బిగుసుకున్నాయి. మెడ నరాలు తేలాయి. చెంపల మీదుగా నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"నా..." అంది. ఆగి, ఊపిరి పీల్చుకుంది. "నా... న్న."

"నాన్నా?"

"కే... క."

అంతే. ఆవిడ అలిసిపోయి కళ్ళు మూసుకుంది.

గుమ్మంలో ఏదో కదిలినట్టయి ప్రసూనాంబ తలెత్తింది. తిరుపతిరావు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. చొక్కా ఇంకా భుజం మీదే ఉంది.

పుష్పవతి కూడా చూసింది. 

"అదేం మాట," అన్నాడతను. నవ్వబోయాడు, కుదరలేదు. "ఆ రోజు నేను తెల్లారగట్టే జంక్షన్‌కి వెళ్ళాను. లారీకి లోడు వేయిస్తున్నాను. ఊరందరికీ తెలుసు. నీకూ తెలుసు. అక్కడికొచ్చి చెబితేనే కదా నాకు తెలిసింది."

పుష్పవతి చూస్తూనే ఉంది.

"మేడమ్ గారూ, మీరు చెప్పండి. ఈ జబ్బులో ఒకటి అనబోయి ఒకటి అంటారని ఇందాక మీరే అన్నారు. అన్నారా లేదా?"

ఇద్దరి చూపులూ ఆమె మీదికి వచ్చాయి.  అతను అడిగింది అబద్ధం కాదు. తాత అనబోయి నాన్న అన్నవాళ్ళని ఆమె చూసింది. ఇప్పుడు తాను గట్టిగా అవునంటే ఈ మాట ఇక్కడితో సమాధి అవుతుంది. ఇల్లు మళ్ళీ ఎప్పటిలా నడుస్తుంది. కాదంటే, తనకి తెలియని దానికి సాక్ష్యం చెప్పినట్టవుతుంది. కాపురం కూలితే ఆ కూలడంలో తన చెయ్యి ఉంటుంది.

"అన్నాను," అంది. "అలా జరుగుతుంది. అన్నిసార్లూ జరగదు. ఆవిడ ఏది చెప్పబోయి ఏది అన్నారో నాకు తెలీదు తిరుపతిరావుగారూ. తెలుసని చెప్పలేను."

అతని మొహం నల్లబడింది. భార్య ఎప్పుడు అరుస్తుందా అని ఎదురుచూస్తున్న మనిషిలా నిలబడ్డాడు. ఆమె అరవలేదు. గోవిందమ్మ పడిపోయిన కుడి చేతిని ఒళ్ళోకి తీసుకుని, ముడుచుకుపోయిన వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది. రోజూ చేసే పనే అది. చేస్తూనే మొగుడి మొహం చూస్తోంది.

బయట చినుకులు మొదలయ్యాయి. పెంకుల మీద చప్పుడు పెరిగింది.

"నేను పిలవలేదు పుష్పా," అన్నాడు తిరుపతిరావు.

ఆమె చేతులు ఆగాయి.

"ఒట్టు. నేను కేకేసింది పొరుగూరి కూలీలని. నా గొంతు విని వాడే నా వెనకాల వచ్చాడు. వస్తున్నాడని నేను చూడలేదు."

 ఆ పూట తోటలోనే ఉన్నానని తన నోటితోనే చెప్పేశాడని అతనికి అప్పటికి గాని తెలియలేదు. చెయ్యి తలుపు పట్టుకుంది. తర్వాత మెల్లగా గడప మీద కూలబడ్డాడు.

పుష్పవతి అత్తగారి మొహం వైపు చూసింది. కొడుకు నోటి నుంచి ఆ మాట వచ్చినప్పుడు ఆవిడ కళ్ళు తెరిచింది. వాటిలో కోపం లేదు. కొడుక్కి ఏమవుతుందోనన్న భయం ఉంది. రెండేళ్ళ కిందట నోరుండి కూడా ఆవిడ ఎందుకు మాట్లాడలేదో ఆ భయం చూసిన ప్రసూనాంబకి అర్థమైంది. పుష్పవతికి కూడా అర్థమైందని, ఆమె గోవిందమ్మ చేతిని తన చెంపకి ఆనించుకున్నప్పుడు తెలిసింది.

"పుష్పా, మొదట చెబుదామనే అనుకున్నాను," అంటున్నాడు తిరుపతిరావు. "ఊళ్ళోవాళ్ళు అప్పటికే అమ్మ నిద్రపోయిందన్నారు. అమ్మ కాదనలేదు. నేను—"

"బుల్లెమ్మత్తయ్యా," అని పిలిచింది పుష్పవతి. గట్టిగా కూడా కాదు. "ఓసారి ఇలా రండి."

"ఎందుకు?" అతను గాభరాగా చూశాడు. "అత్తెందుకు ఇప్పుడు?"

"ఈవిడ మనవణ్ణి మింగిందని ఊరంతా పాకింది మీ అత్త నోటి నుంచే. శవం ఇంట్లో ఉండగానే అంది. మీరు పక్కనే నిలబడి విన్నారు. ఇప్పుడు నాతో అన్న మాట ఆవిడ ముందు అనండి."

"ఇంటి గుట్టు—"

"అనండి. తర్వాత మీతో నేను మాట్లాడేది ఉందో లేదో ఆలోచిస్తాను."

తిరుపతిరావు తలెత్తి ప్రసూనాంబ వైపు చూశాడు. అందులో ఇందాకటి కోపం లేదు. ఏదో ఒకటి చేసి దీన్ని ఆపమని అడుగుతున్న చూపు అది. ఇంతకు ముందు ఇలాంటి చూపులకి లొంగి, ఏదో సర్ది చెప్పి, ఇల్లు నిలబెట్టానని తృప్తి పడ్డ రోజులు ఆమెకి ఉన్నాయి.

ఆమె గోడ పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని, గోవిందమ్మ తల దగ్గర కూర్చుంది.

వసారాలోంచి బుల్లెమ్మ అడుగుల చప్పుడు దగ్గరైంది. వానకి తడవకుండా కొంగు తల మీద కప్పుకుని, గడప మీద కూలబడ్డ మేనల్లుణ్ణి దాటుకుని లోపలికి వచ్చి, ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది.

"ఏంట్రా అబ్బాయ్?" అంది.